సన్యాసమ్మ కట్టేసుకున్న చేతులు

ఇసుక పోసిందెవరే? సన్యాసమ్మా!
ముక్కు తుడిచిందెవరే? సన్యాసమ్మా!
వేలు పట్టిందెవరే...

ఆ తర్వాత ఏదో ఉండేది. "ఎవరూ లేరమ్మా" అనో, "గాలి పట్టిందమ్మా" అనో. అచ్చంగాయలు ఆడుతూ మా వాడ ఆడపిల్లలు పాడేవారు. పాట సగం పోయినా కథ మాత్రం మొత్తం మిగిలింది. వినండి.

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ముక్కు చీదడం నేర్చుకోని రోజుల్లో, ఏటి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక తాటాకుల బడి. బడికి ఒక జోగిపంతులు. ఊడ్చి, ఇసుక పోసి, పిల్లలకి నీళ్లిచ్చేది సన్యాసమ్మ. ఏడిస్తే ఎత్తుకునేది. పడితే లేపేది. ముక్కు కారితే తుడిచేది. అక్షరం ముక్క మాత్రం ఎరగదు.

పంతులు ఒక్కొక్కరి వేలూ పట్టుకుని ఇసుకలో దిద్దించేవాడు. ఆయన చెయ్యి ఎటు పోతే వేలు అటు పోయేది. ఆయన వదిలితే అక్కడే ఆగిపోయేది. తమ వంతు వచ్చేదాకా మిగతా పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. ఆరేళ్ల పైడమ్మ అయితే దిద్దుతూ కూడా నిద్రపోయేది.

ఇలా ఉండగా పంతులు గుమ్మడికాయ కోయబోయి పాక మీంచి జారాడు. గుమ్మడికాయకి ఏమీ కాలేదు. ఆయన కుడిచెయ్యి విరిగింది, ఇంట్లో మంచం ఎక్కాడు.

సరిగ్గా అప్పుడే దివాణం నుంచి కబురొచ్చింది. "మూడో రోజున పేష్కారుగారు బడి తనిఖీకి వస్తారు. ఒక్క పిల్లయినా తన పేరు తాను రాయాలి. రాయకపోతే బడి తీసేసి అందులో గుర్రాలు కడతారు."

పైడమ్మ సన్యాసమ్మ దగ్గరికి పరిగెత్తింది. బడి పోతే మళ్లీ బాతుల వెంట తిరగాలి. బాతులు దాన్ని పొడుస్తాయి. పైగా, బాతులకి సన్యాసమ్మ ఒడి లాంటి ఒడి లేదు.

"మామ్మా, నా వేలు పట్టుకో," అంది.

"పట్టుకుని ఏం చేసుకోనే? నాకే రాదు! అదిగో, హాజరు కోసం పంతులు గోడ మీద సున్నంతో అందరి పేర్లూ రాశాడు కదా. నిన్ను పిలిచేటప్పుడు ఆయన వేలు పెట్టేది నీళ్లకుండ పక్కన, అదే నీది. దాన్ని చూసి గియ్యి."

పైడమ్మ గీసింది. అది ఎండ్రకాయలా వచ్చింది. పైడమ్మ ఏడుపు మొదలెట్టింది. సన్యాసమ్మ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

"ఇది ఊరుకునే చెయ్యి కాదు," అని పైడమ్మ చేతే పైటకొంగుతో రెండు చేతులూ వెనక్కి కట్టించుకుని, పిల్ల పక్కన చతికిలబడింది.

మొదటి రోజు ఎండ్రకాయ. "ఇది బాగుందా మామ్మా?"

"నాకేం తెలుసు తల్లీ? గోడని అడుగు."

రెండో రోజు తోక తెగిన మేక. "ఇదో?"

"నాకేం తెలుసు తల్లీ? గోడని అడుగు. ముందు నా ముక్కు మీద ఈగని తోలు!"

పైడమ్మ ఈగని తోలింది. గోడని చూసింది. చెరిపింది. మళ్లీ గీసింది. పక్కవాళ్లకి నిద్ర పట్టక వాళ్లూ గీశారు.

మూడో రోజు పేష్కారు దిగాడు. పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద పొట్ట. గోడ కనపడకుండా పైడమ్మని వాకిట్లో కూర్చోబెట్టాడు. "రాయవే పిల్లా!"

పైడమ్మ గీసింది. తప్పు. చెరిపింది. మళ్లీ గీసింది. మళ్లీ తప్పు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పేష్కారుకి పాపం అనిపించి, వంగి దాని వేలు పట్టుకోబోయాడు.

"బాబూ, చేతులు వెనక్కి!" అని అరిచింది సన్యాసమ్మ.

ఊరంతా నోరు తెరిచింది. పంతులు ఉన్న ఒక్క చెయ్యీ నెత్తిన పెట్టుకున్నాడు. పేష్కారు మాత్రం బిత్తరపోయి చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

పైడమ్మ కళ్లు మూసుకుంది. గోడని తలుచుకుంది. నెమ్మదిగా గీసింది. కళ్లు తెరిచి చూసుకుంది. ఎవర్నీ అడక్కుండానే నవ్వింది.

"పై... డ... మ్మ," అని పైకి చదివాడు పేష్కారు, చేతులు ఇంకా వెనకే ఉంచుకుని.

బడి నిలిచింది. గుర్రాలు ఎండలోనే ఉండిపోయాయి.

ఇప్పటికీ ఆ ఊళ్లో బిడ్డని మొదటిసారి బడిలో కూర్చోబెట్టేటప్పుడు, తల్లీ తండ్రీ చేతులు వెనక్కి కట్టించుకుని నిలబడతారు. కట్టేది ఆ బిడ్డే. ఎవరైనా ఆత్రపడి ముందుకొస్తే, "సన్యాసమ్మ చూస్తోంది!" అంటారు. తర్వాత తనివితీరా ఎత్తుకుని ముద్దులాడతారు. దానికి అడ్డు లేదు.

పైడమ్మ పెద్దదయ్యాక ఆ బడికే పంతులమ్మ అయింది. ఒక సాయంత్రం, మంచానికి అంటుకుపోయిన సన్యాసమ్మ పక్కన పళ్లెంలో ఇసుక పోసి, ఆమె పేరు ఒకసారి రాసి చూపించింది. ముసలి వేలు ఇసుకలో దిగింది. పైడమ్మ కదలకుండా అలాగే చూస్తూ నిలబడింది.

సన్యాసమ్మ తలెత్తకుండానే అంది: "పొయ్యి మీద చారు పొంగిపోతుంది, నువ్వెళ్లి చూసుకోవే. నాకు రాకపోతే పిలుస్తాలే."