రొట్టె మీద గుడ్డ

అనగనగా అనగానే మీరు అడవి అనుకుంటారు. అనుకోండి, అడవే. ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక పెద్ద నేరేడు చెట్టు. ఆ చెట్టు కింద ఒక బుల్లి బడి. ఇంకా బలపం పట్టుకోవడం కూడా రాని పసిపిల్లల బడి.

ఆ బడి పెట్టింది పావురాలూ కొంగలూ. వాళ్లు యూదులు. యూదులంటే ఎవరని మీరు అడుగుతారని నాకు తెలుసు. వాళ్ల పూర్వులు ఎక్కడో చాలా దూరం నుంచి ఎగిరొచ్చి ఆ అడవిలో గూళ్లు కట్టుకున్నారు. దేవుడు ఒక్కడేనని నమ్ముతారు. వారమంతా ఒళ్లు వంచి పనిచేస్తారు. శుక్రవారం పొద్దుగూకిందంటే మాత్రం పనులన్నీ ఆపేస్తారు. మర్నాడు చీకటి పడేదాకా విశ్రాంతే. దాన్ని సబ్బాతు అంటారు. ఆ రోజు హోమ్‌వర్కు కూడా ఉండదు. అదిగో, మీ కళ్లు మెరిశాయి, నేను చూశాను!

బడి పావురాలదీ కొంగలదీ అయినా, పిల్లలు మాత్రం అన్ని జాతులవాళ్లూ ఉండేవారు. కుందేలు పిల్ల, ఉడుత పిల్లలు, తాబేలు పిల్ల, ముంగిస పిల్ల, ఎవరొచ్చినా చేర్చుకునేవారు. టీచరు సిప్పోరా అనే తెల్ల పావురం. బడి పెట్టేటప్పుడే ఆవిడ ఒక మాట అంది. "మన గుమ్మం దాకా వచ్చిన బిడ్డను వెనక్కి పంపొద్దు."

ఆ అడవిలోనే నాంచారి అనే అలుగు ఉండేది. అలుగంటే తెలుసుగా? ఒళ్లంతా గట్టి పొలుసులు, పొడుగు ముక్కు, పొడుగు తోక. చీమల్నీ చెదల్నీ తిని బతుకుతుంది. భయం వేస్తే గుండ్రంగా ముడుచుకుపోతుంది. నాంచారికి పోలయ్య అని ఒక్కగానొక్క కొడుకు. రాత్రంతా పుట్టలు తవ్వి తిండి తేవాలి. పగలు కాసేపైనా కన్ను మూయాలి. ఇంట్లో వేరే దిక్కు లేదు. పిల్లవాణ్ని చూసుకునేవాళ్లు కావాలి.

ముందు నెమలి బడికి తీసుకెళ్లింది. నెమలి పైనుంచి కిందికి చూసి, "అబ్బే! మా పిల్లలు మెడెత్తి నడవాలమ్మా. మీవాడు ముక్కు నేలకి రాస్తూ నడుస్తున్నాడే!" అంది.

తర్వాత చిలక బడికి వెళ్లింది. "మా దగ్గర పాఠం గట్టిగా అప్పజెప్పాలి. ఏదీ, అరవమను!" అంది చిలక. ఆ అరుపుకే పోలయ్య ముడుచుకుపోయాడు. "నోరు విప్పని పిల్లాడు మాకెందుకు?" అని చిలక మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత కోతుల బడి. అక్కడి గోలకి పోలయ్య ముడుచుకోగానే, కోతి పిల్లలు వాణ్ని ఎత్తుకుపోయి బంతాట ఆడుకున్నాయి. నాంచారి పరిగెత్తి, బతిమాలి, చివరికి లాక్కుని, కొడుకుని తోక మీద ఎక్కించుకుని ఇంటికొచ్చింది. దారి పొడుగునా ఏడ్చింది. ఎవరికైనా ఏడుపు రాదూ?

చివరికి నేరేడు చెట్టు బడి. అక్కడా కాదంటారేమోనని గుమ్మం బయటే నిలబడిపోయింది. సిప్పోరా టీచరు తనే ఎదురొచ్చింది. మెడ బాగా వంచి, పోలయ్య ముక్కుకి ఎదురుగా తన ముక్కు పెట్టి, మెల్లగా అడిగింది.

"నీ పేరేంటి నాన్నా?"

"పోలయ్య" అన్నాడు వాడు. బయటివాళ్లతో వాడు మాట్లాడటం అదే మొదలు.

"ఆదివారం నుంచి పంపించు నాంచారీ" అంది టీచరు.

"వాడికి చప్పుడంటే భయం టీచరమ్మా" అంది నాంచారి. టీచరు ఆ మాట విన్నది. విన్న మాటను మనసులో పెట్టుకోవడానికి మాత్రం ఆవిడకి కాస్త టైము పట్టింది. మంచివాళ్లక్కూడా అలా జరుగుతూ ఉంటుంది.

ఆదివారం పోలయ్య బడికి వెళ్లాడు. సోమవారం ఇసకలో ఇంత పెద్ద గుంట తవ్వాడు. మంగళవారం తామారు అనే పావురం పిల్లతో స్నేహం కట్టాడు. ఇంటికొచ్చి తల్లి చెవిలో ఒకటే కబుర్లు. నాంచారి ఎన్నాళ్లకో పగలు హాయిగా నిద్రపోయింది. నిద్రలేచి, నేరేడు చెట్టు వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

ఇంతలో శుక్రవారం వచ్చింది.

శుక్రవారం ఆ బడిలో పండగ. పిల్లలు పిండి పిసికి, మూడు పాయలు తీసి, జడలా అల్లి రొట్టె చేస్తారు. ద్రాక్షరసం పోస్తారు. టీచరు దీపాలు వెలిగిస్తుంది. అప్పుడు అందరూ లేచి సబ్బాతుకి స్వాగతం పాట పాడతారు. ఎలా? చప్పట్లు కొట్టి, కాళ్లు నేలకేసి దబదబా కొట్టి, చెట్టు మీది నేరేడు పళ్లు రాలిపోయేంత గట్టిగా! వాళ్ల తాతల కాలం నుంచీ అంతే. ఎంత గట్టిగా పాడితే వచ్చినవాళ్లకి అంత మర్యాద అని వాళ్ల లెక్క.

ఆ మర్యాదకి పోలయ్య హడలిపోయాడు. బంతిలా చుట్టుకుపోయి, సాయంత్రం తల్లి వచ్చేదాకా విప్పుకోలేదు.

రెండో శుక్రవారం టీచరు వాణ్ని దూరంగా చెట్టు వెనక కూచోబెట్టింది. చప్పుడు చెట్టు వెనక్కి రాకుండా ఉంటుందా? పోలయ్య మళ్లీ చుట్టుకున్నాడు. అక్కడ నేల ఏటవాలు. చుట్టుకున్నవాడు దొర్లడం మొదలెట్టాడు. దొర్లుతూ దొర్లుతూ వాగు దాకా పోయాడు. రెల్లు దుబ్బు అడ్డం పడబట్టి సరిపోయింది. లేకపోతే నీళ్లలో పడేవాడే.

అప్పుడు మిగతా తల్లులు గుసగుసలు మొదలెట్టారు. "పాపం, మంచివాడే. కానీ ఆ ఒక్కడి కోసం అందరి పండగా పాడైపోతోంది కదమ్మా!"

ఆ మాట నాంచారి చెవిన పడింది. గురువారం సాయంత్రం ఆమే టీచరు దగ్గరికి వెళ్లింది. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చెప్పింది.

"రేపు వాణ్ని తీసుకురాను టీచరమ్మా. రేపనే కాదు, ఇకమీద శుక్రవారాలు ఇంట్లోనే ఉంచుకుంటాను. మాకు ఇంత చోటిచ్చారు, అదే గొప్ప."

సిప్పోరాకి మర్నాటి పండగ గుర్తొచ్చింది. రేపు వాళ్లందరికీ పెద్దదిక్కైన కొంగ మొర్దెకై తాతగారు పండక్కి వస్తున్నారు. ఆయన ముందు ఏ గొడవా జరక్కూడదు.

"సరే నాంచారీ. నీ ఇష్టం" అంది. ఆ గొంతులో హమ్మయ్య అన్న ధ్వని నాంచారికి వినబడింది. ఆమెకి కోపం రాలేదు. భయం మాత్రం పట్టుకుంది. ఇప్పుడు శుక్రవారాలు రాకపోయినా సరేనన్నారు. ముందు ముందు గురువారాలూ వద్దంటారు. ఆ తర్వాత?

ఇంటికి పోతుంటే తోక మీంచి పోలయ్య అడిగాడు. "అమ్మా, నేనేం తప్పు చేశాను?"

ఆమె తోకను ఇంకాస్త పైకెత్తి, గబగబా నడిచింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ బడిలో పండగ రొట్టె మీద కప్పడానికి ఒక గుడ్డ ఉంది. దాన్ని ఉతికి తెచ్చే పని వారానికొక ఇంటివాళ్లది. ఆ వారం నాంచారి వంతు. పండక్కి రాకపోయినా ఒప్పుకున్న పని మానుకోకూడదు కదా. శుక్రవారం మధ్యాహ్నం గుడ్డను శుభ్రంగా ఉతికి, ఆరబెట్టి, మడిచి పట్టుకుని బయల్దేరింది. ఇంట్లో ఒంటరిగా వదల్లేక పోలయ్యనీ ఎక్కించుకుంది. గుమ్మంలో ఇచ్చేసి వెనక్కి వచ్చెయ్యాలని ఆమె ఉద్దేశం.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల తామారు గొంతు వినబడింది.

"టీచరమ్మా, గుడ్డ ఇంకా రాలేదు! అసలు రొట్టెకి గుడ్డ ఎందుకు కప్పాలి?"

"ప్రతి వారం చెప్తున్నా కదే!" అని టీచరు నవ్వింది. "మనం దేవుడికి ముందు ద్రాక్షరసం కోసం స్తోత్రం చెప్తాం. రొట్టె వంతు ఆ తర్వాత. పక్కనే ఉండి ఇదంతా చూస్తే, నన్ను పట్టించుకోలేదని రొట్టె చిన్నబుచ్చుకోదూ? అందుకని దాని వంతు వచ్చేదాకా గుడ్డ కప్పుతాం. ఎవర్నీ చిన్నబుచ్చకూడదని మన పెద్దవాళ్లు పెట్టిన ఆచారం."

తామారు రొట్టె వైపు చూసి, మళ్లీ టీచరు వైపు తిరిగింది.

"మరి పోలయ్య చిన్నబుచ్చుకోడా?"

నాంచారి గుడ్డ గుమ్మంలోనే పెట్టేసి వెళ్లిపోదామని వంగింది.

సిప్పోరా తలెత్తి చూసింది. గుమ్మంలో తల్లీ కొడుకూ కనబడ్డారు. గబగబా వచ్చి నాంచారి ఎదురుగా నిలబడింది.

"నాంచారీ, నిన్న నేను సరే అన్నాను చూశావా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిండి ముద్ద మనసు నొచ్చుకుంటుందని గుడ్డ కప్పేదాన్ని, పిల్లవాడి మనసు చూసుకోలేకపోయాను. తప్పు నాది. లోపలికి రండి."

"మరి పాట, టీచరమ్మా?" అంది నాంచారి బెదురుగా.

"పాట మారుద్దాం."

పీట మీద కూచున్న మొర్దెకై తాతగారు మెడ సాగదీశారు. "ఏమిటమ్మాయ్, ఏమంటున్నావు?"

సిప్పోరా ఆయన ముందుకెళ్లి, స్పష్టంగా చెప్పింది. "పాట మెల్లగా పాడతాం తాతగారూ. చప్పట్లు ఉండవు."

"చప్పట్లు లేకుండా స్వాగతమా!" తాతగారు లేచి నిలబడ్డారు. "మా తాత కొట్టాడు, మా నాన్న కొట్టాడు, నేను కొట్టాను. ఎవరో ఒక్కడి కోసం అది మానేస్తావా?"

తల్లులందరూ టీచరు వైపు చూశారు. నాంచారి వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఆచారం మానెయ్యను తాతగారూ" అంది సిప్పోరా. "వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యడం కదా మన ఆచారం! అదే చేస్తాను. పిల్లలూ, ఇవాళ చప్పట్లు ఇలా కొడదాం. రెక్కలున్నవాళ్లు రెక్కలు ఊపండి. తోకలున్నవాళ్లు తోకలు ఊపండి. ఏమీ ఊపలేనివాళ్లు తలూపండి. పాట మాత్రం బజ్జున్న తమ్ముణ్ని లేపకుండా పాడినట్టు పాడండి."

దీపాలు వెలిగాయి. పాట మొదలైంది. రెక్కలూ తోకలూ ఒక్కసారిగా పైకి లేచి అటూ ఇటూ ఊగాయి. తాబేలు పిల్ల బుర్ర ఊపింది.

తాతగారు గట్టిగా అన్నప్పుడే చుట్టుకుపోయిన పోలయ్య ఇంకా అలాగే ఉన్నాడు. నాంచారి చూపు వాడి మీదే ఉంది. పాట సగానికి వచ్చాక ముందు ముక్కు బయటికొచ్చింది. తర్వాత ఒక కన్ను. ఆ తర్వాత మెల్లగా తోక విప్పుకుంది. అందరి తోకలతో పాటు ఆ తోకా అటూ ఇటూ ఊగింది. నాంచారికి కళ్ల ముందు దీపాలు మసకబారాయి. నీళ్లు అడ్డం వస్తే మరి మసకబారవా!

పాట అయిపోగానే కుందేలు పిల్ల చిట్టెమ్మ వాళ్లమ్మ ఒళ్లోకి దూకింది. "అమ్మా, ఇవాళ నాకు కడుపునొప్పి రాలేదు!" ప్రతి శుక్రవారం ఆ పిల్లకి కడుపునొప్పి వచ్చేది. ఎన్ని పసర్లు పోసినా తగ్గేది కాదు. ఆ గోలకి భయపడి వస్తోందని ఆ పిల్లకీ తెలీదు, తల్లికీ తెలీదు.

ఇక మొర్దెకై తాతగారు. ఆయన పీట మీద కూలబడి ఉన్నారు. ముక్కు చివర నీటిబొట్టు వేలాడుతోంది. కోపమొచ్చిందేమోనని అందరూ భయపడ్డారు.

"అమ్మాయ్ సిప్పోరా" అన్నారాయన మెల్లగా. "నాకు చెవులు పోయి చాలా ఏళ్లయింది, ఎదురుగా నిలబడి చెప్తే తప్ప ఏమీ తెలీదు. ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది. పాట ఎక్కడుందో, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలిసేది కాదు. పక్కవాణ్ని దొంగచాటుగా చూసి కొట్టేవాణ్ని. ఇవాళ రెక్కలు లేచినప్పుడు పాట లేచింది, రెక్కలు వాలినప్పుడు పాట వాలింది. ఇన్నాళ్లకి మీ అందరితో కలిసి పండగ చేసుకున్నానమ్మా."

ఆయన కర్ర ఊతంగా లేచి పోలయ్య దగ్గరికి నడిచారు. పొడుగు మెడ నేలదాకా వంచారు.

"ఎవరో ఒక్కడి కోసమా అన్నాను. ఆ ఒక్కడు నాకు పాట తిరిగి ఇచ్చాడు. సంతోషం రా, మనవడా!"

నాంచారి చేతులు జోడించింది. "టీచరమ్మా, మావాడు మీకు కాస్త పనికొచ్చాడు. ఇక ఇక్కడ ఉండనిస్తారుగా?"

సిప్పోరా తల అడ్డంగా ఊపింది. "అలా అనకు. పనికొచ్చాడని ఉండనివ్వడం కాదు. తాతగారికి చెవులు బ్రహ్మాండంగా వినబడినా, చిట్టెమ్మ కడుపునొప్పి తగ్గకపోయినా, పోలయ్య చోటు పోలయ్యదే. ఏదీ, ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

గుడ్డ తీసుకుని పోలయ్య చేతికిచ్చింది. వాడు గోళ్లు తగలకుండా జాగ్రత్తగా రొట్టె మీద కప్పాడు. ద్రాక్షరసానికి స్తోత్రం అయ్యాక వాడే తీశాడు. తామారు మొదటి ముక్క తుంచి వాడి నోట్లో పెట్టింది.

చెదలు తినేవాడికి రొట్టె నచ్చిందా అంటారా? థూ థూ అని ఉమ్మేశాడు! అందరూ నవ్వారు. నవ్వు కూడా మెల్లగానే నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ తర్వాత రొట్టె గుడ్డ ఉతికే వంతు ఆ బడిలో ఇంకెవరికీ దక్కలేదు. "మా వంతు ఎప్పుడమ్మా?" అని కుందేలు తల్లి పోట్లాటకొచ్చినా సరే, నాంచారి ఇచ్చేది కాదు. ప్రతి గురువారం వాగులో ఉతికి, నేరేడు కొమ్మ మీద ఆరేసి, దాని వైపే చూస్తూ కూచునేది.

నీతి: పదిమందిలో ఒకరు ఇమడలేకపోతే, వాళ్లను బయటికి పంపకుండా పద్ధతిని కాస్త మార్చుకోవాలి. నోరు విప్పి చెప్పుకోలేనివాళ్లు ఇంకా ఎందరో ఆ మార్పు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.