కనుమ దారిలో మూడు బళ్లు

అనగనగా, కొండలు ఇప్పటికన్నా రెండు మూరలు ఎత్తుగా ఉండే కాలంలో, గంధగిరి అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో పల్లెలన్నీ కొండమీద ఉండేవి. సంతా, ఉప్పు కొట్టూ, పేరుమోసిన వైద్యుడూ ఉన్నది మాత్రం కొండ కింద సోమవరం పట్నంలో. పైకి రావాలన్నా కిందికి పోవాలన్నా ఒకటే కనుమ దారి. ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క లోయ. ఒక బండి పోతుంటే రెండో బండికి చోటు లేదు.

ఒక ఏడు ఆ దారిలో ఎదురెదురుగా వచ్చిన రెండు బళ్లు లోయలో పడిపోయాయి. ఊళ్లన్నీ ఏడ్చాయి. అప్పుడు నందివర్ధన మహారాజు ఒక శాసనం చేశాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కింది బళ్లు పైకి రావాలి. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా పై బళ్లు కిందికి పోవాలి. వేళ తప్పి ఏ బండీ కనుమలో అడుగు పెట్టరాదు.

కనుమ పై ద్వారానికి ఏలమంద అనే అతను కావలి. మెత్తని మనసు, గట్టి మాట. ఒకసారి మహారాజు బండినే వేళ కాలేదని ఎండలో నిలబెట్టాడు. రాజు నవ్వి, నీడన కూర్చుని, ఏలమంద భార్య గురవమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వేళయ్యాకే బయలుదేరాడు. పదేళ్లలో ఆ దారిలో ఒక్క బండి కూడా పడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఏలమందకు కడుపు నిండినట్టుండేది.

ఒకనాటి పొద్దున ఒక బండి ద్వారం ముందు ఆగింది. గొర్రెల కాపరి మల్లప్ప బండిలో పడుకుని ఉన్నాడు. పాము కరిచింది. పిక్కమీద గుడ్డతో బిగించి కట్టారు. పగ్గాలు పట్టుకుని ఉన్నది అతని భార్య జోగమ్మ.

"అన్నా, తలుపు తియ్యి. వైద్యుడి దగ్గరికి పోవాలి," అంది.

"అమ్మా, ఇది పైకొచ్చే వేళ. ఇప్పటికే కింద నుంచి బళ్లు బయలుదేరాయి. నిన్ను పంపితే నీతోపాటు ఇంకొకరూ లోయలో పడతారు. మధ్యాహ్నం దాకా ఆగు."

"మధ్యాహ్నం దాకా విషం ఆగుతుందా అన్నా?"

ఏలమంద నీళ్లు తెచ్చి ఇచ్చాడు. మల్లప్ప తల తన ఒళ్లో పెట్టుకుని విసనకర్రతో విసిరాడు. తలుపు మాత్రం తీయలేదు. మధ్యాహ్నం నగారా మోగాక బండి కిందికి పోయింది. మల్లప్ప ప్రాణం దక్కింది. కానీ కట్టు చాలాసేపు ఉండిపోవడం వల్ల కాలు దక్కలేదు.

ఆ సంగతి తెలిసిన రోజు ఏలమందకు ముద్ద దిగలేదు. "ఇంకెప్పుడూ ఆపను. రోగమని ఎవరొచ్చినా తలుపు తీస్తాను," అని ఒట్టు పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున రత్నాకరుడనే పట్టు వర్తకుడు వచ్చాడు. బండిలో వెల్లకిలా పడుకుని, "అమ్మో గుండె! అయ్యో గుండె!" అని మూలుగుతున్నాడు. ఏలమంద ఒక్క మాట కూడా అడగలేదు. గబగబా తలుపు తీశాడు. బండి దుమ్ము లేపుకుంటూ కనుమలో దిగింది.

రెండో మలుపులో కుమ్మరి వెంగన్న కుండల బండితో పైకి వస్తున్నాడు. అది ఆయన వేళ, ఆయన దారి. ఎదురుగా బండి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. తప్పించబోయి పక్కకు లాగాడు. వెంగన్న బతికాడు, బండి నిలిచింది, కానీ కాడి విరిగి ఒక ఎద్దు లోయలోకి జారిపోయింది.

గుండె నొప్పి మనిషి మాత్రం ఆ సందులోంచి చక్రాలు రాసుకుంటూ దాటిపోయి, దర్జాగా కిందికి చేరి, అందరికన్నా ముందు సంతలో పట్టు చీరలు పరిచాడు.

మర్నాడు రాజసభకు ఇద్దరు వచ్చారు.

"ప్రభూ, ఆ రోజు శాసనం కాస్త వంగి ఉంటే నా మొగుడు రెండు కాళ్లమీద నడిచేవాడు," అంది జోగమ్మ.

"ప్రభూ, నిన్న శాసనం వంగకుండా ఉంటే నా ఎద్దు బతికేది. పన్నెండేళ్లు నా వెంట నడిచింది. పేరు పెట్టి పిలిస్తే చెవులు ఊపేది," అన్నాడు వెంగన్న.

ఇద్దరిదీ నిజమే. ఏలమంద తన చేతికర్ర తెచ్చి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"మహాప్రభూ, ఒకసారి ఆపి తప్పు చేశాను. ఒకసారి వదిలి తప్పు చేశాను. నాకు ఈ కొలువు వద్దు."

రాజు వంగి ఆ కర్ర తీసి మళ్లీ అతని చేతిలో పెట్టాడు. "శాసనం రాసింది నేను, ఏలమందా. ఇలాంటి రోజు వస్తుందని అందులో నేనూ రాయలేదు. పది రోజులు తీసుకో. ఏం చేయాలో ఆలోచించి చెప్పు. ఈలోగా అబద్ధమాడిన ఆ వర్తకుడు వెంగన్నకు ఎద్దును కొనిచ్చి, ఏడాది పాటు కనుమ దారికి రాళ్లు మోస్తాడు."

ఏలమంద ఇంటికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. గురవమ్మ అన్నం వండుతోంది. మనవలు ముగ్గురూ వసారాలో ఒకళ్లమీద ఒకళ్లు దొర్లుతున్నారు. గురవమ్మ పొయ్యిమీది కుండను మసిగుడ్డతో పట్టుకుని, "వేడి గంజి! వేడి గంజి! పక్కకు జరగండర్రా!" అని కేక వేస్తూ వచ్చింది. ముగ్గురూ చటుక్కున గోడకు అంటుకుపోయారు. ఆమె వాళ్ల మధ్యనుంచి పెరట్లోకి పోయి గంజి వార్చింది. ఆమె అటు పోగానే పిల్లలు మళ్లీ దొర్లడం మొదలుపెట్టారు.

ఏలమంద లేచి నిలబడ్డాడు. "గురవమ్మా, పిల్లలు అడ్డమున్నారని నువ్వు ఆ కుండతో అక్కడే నిలబడి ఉంటే?"

"నా చేతులు కాలతాయి."

"కేక వేయకుండా పరిగెత్తి ఉంటే?"

"పిల్లల ఒళ్లు కాలుతుంది. ఇది కూడా తెలియకుండానే ఇన్నేళ్లూ కావలి కాశావటయ్యా?"

ఏలమంద గట్టిగా నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. అన్నం తిన్న చేయి కడుక్కుని, నేరుగా జోగమ్మ దగ్గరికీ, వెంగన్న దగ్గరికీ పోయాడు. తన ఆలోచన చెప్పాడు. ఇద్దరూ పలుగూ పారా పట్టుకుని వచ్చారు. వాళ్ల వెనక పల్లెల జనం వచ్చారు. దారి పొడవునా మలుపు మలుపుకూ కొండను తొలిచి, ఒక్కో బండి పట్టేంత చోటు చేయడం మొదలుపెట్టారు. వేళ కాని వేళ నగారా మోగితే దారిలోని బళ్లు ఆ చోట్లలోకి ఒదగాలనీ, కింది ద్వారం కావలి మిగతా బళ్లను ఆపాలనీ ఊరూరా చాటారు. రత్నాకరుడు పట్టు ఉత్తరీయం నడుముకు బిగించి రాళ్లు మోశాడు.

తొమ్మిది రోజులకు రెండు మలుపుల పని పూర్తయింది. మూడో మలుపు ఇంకా మిగిలి ఉంది.

పదో రోజు పొద్దున్నే ఒక బండి వచ్చింది. తోలుతున్నది అంకాలమ్మ అనే ముసలామె. ఆమె జన్మలో కనుమలో బండి తోలలేదు. లోపల కోడలు సీతాలు నొప్పులు పడుతోంది. కొడుకు పొరుగు రాజ్యంలో ఉన్నాడు.

"బిడ్డ అడ్డం తిరిగింది నాయనా. మంత్రసాని చేతులెత్తేసింది," అంది అంకాలమ్మ.

లోపలినుంచి సీతాలు, "అత్తా, భయపడకు," అంటోంది. నొప్పులు పడుతున్నది తానే, ధైర్యం చెబుతున్నదీ తానే.

ఏలమంద తలుపు దగ్గరికి పరిగెత్తలేదు. ముందు నగారా దగ్గరికి పరిగెత్తాడు. మూడేసి దెబ్బలు మూడుసార్లు కొట్టాడు. కింది ద్వారం నుంచి తిరిగి మూడు దెబ్బలు వినబడ్డాయి. అంటే కింద బళ్లు ఆగాయి. అప్పుడు తలుపు తీశాడు. కర్రకు ఎర్రగుడ్డ కట్టి గురవమ్మకు ద్వారం అప్పగించి, ఎద్దుల ముక్కుతాడు తానే పట్టుకుని నడిచాడు.

"ప్రాణం వస్తోంది! దారి! ప్రాణం వస్తోంది!" అని కేకలు పెట్టాడు.

మొదటి మలుపులో బెల్లం బండి, నగారా వినగానే తొలిచిన చోటులోకి ఒదిగి ఉంది. అంకాలమ్మ బండి దాటిపోయింది.

రెండో మలుపులో పెళ్లివారి బండి ఒదిగి ఉంది. పెళ్లికూతురు దిగి కొండకు ఆనుకుని నిలబడింది. "తల్లీ, చల్లగా పోయిరా!" అని కేక వేసింది. బండి దాటిపోయింది.

మూడో మలుపులో చోటు లేదు. అక్కడ ఉన్నది వెంగన్న కుండల బండి. ఎద్దు పోయిన మనిషి, సంతలో అమ్మగా మిగిలిన కొత్త కుండలతో ఇంటికి వస్తున్నాడు.

ఏలమంద ఆగాడు. ఏమని అడగాలో తోచలేదు. అడిగే పని లేకపోయింది. వెంగన్న అప్పటికే ఎద్దులను విప్పి వెనక్కి తోలి, కుండలు దించుతున్నాడు. జోగమ్మ కింద నుంచి మందులు తీసుకుని నడిచి వస్తూ చూసి, కొంగు బిగించి తానూ ఒక చేయి వేసింది. ముగ్గురూ కలిసి ఖాళీ బండిని ఎత్తి కొండ గోడకు నిలువుగా ఆనించారు. ఆ తొందరలో పది కుండలు దొర్లి లోయలో పడ్డాయి.

"వెంగన్నా, నీ కుండలు..." అన్నాడు ఏలమంద.

"మట్టి మళ్లీ దొరుకుతుందయ్యా. నువ్వు నడు, నడు!"

ఎండ ఇంకా ఎక్కకముందే బండి వైద్యుడి ముంగిట ఆగింది. ఏలమంద వైద్యుడి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చేర్చి, ఆ తర్వాతే వెనుదిరిగాడు. వైద్యుడి గుమ్మం దాకా కావలివాడు వెంట వస్తాడని తెలిశాక, దొంగ రోగంతో కనుమ దిగాలని మరి ఎవరికీ బుద్ధి పుట్టలేదు.

మహారాజు ఆ పద్ధతినే శాసనంలో చేర్చాడు. మూడో మలుపునూ తొలిపించాడు.

ఆ పదో రోజు సాయంత్రం వైద్యుడి ముంగిట ఒక వింత జరిగింది. పొద్దున ఆగిపోయిన బళ్లవాళ్లు ఒక్కొక్కరే అక్కడికి వచ్చారు. కింది ద్వారం దగ్గర ఎండలో నిలబడ్డవాళ్లు వచ్చారు. బెల్లం బండి మనిషి కొండ ఎక్కి మళ్లీ దిగి వచ్చాడు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఏం పుట్టింది? ఇద్దరూ క్షేమమేనా?"

అంకాలమ్మ పొత్తిళ్లలో ఆడపిల్లను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "క్షేమం నాయనలారా. తల్లీ క్షేమం, పిల్లా క్షేమం," అంది. పిల్లను తీసుకుపోయి మొట్టమొదట వెంగన్న చేతుల్లో పెట్టింది. కుండలు చేసే ఆ మొరటు చేతుల్లో పిల్ల హాయిగా ఆవులించింది. ముంగిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. వెంగన్న మాత్రం కళ్లు తుడుచుకున్నాడు.

నీతి: ప్రాణం మీదికి వచ్చినవారి కోసం నియమం పక్కకు జరగాలి, అయితే అది అందరికీ తెలిసేలా, మరొకరి ప్రాణానికి చేటు రాకుండా జరగాలి.