నూకాలవ్వ గోళ్ళు తీసిన పల్లె

కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, అడవి అంచున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ఈతాకు చాపలు అల్లుకుంటూ నూకాలవ్వ ఉండేది. ఒంటి మనిషి.

ఒక ఏడాది ఆ పల్లె పిల్లలకి నిద్ర కరువైంది. పడుకుంటే పిర్రలు గోక్కోవడం, పళ్ళు కొరకడం, లేచి ఏడవడం. సన్యాసమ్మ కూతురు పైడి అయితే చిక్కి సగమైపోయింది.

అప్పుడే నూకాలవ్వ సన్యాసమ్మ కంట పడింది. పిల్లల చేతిలో ఉలవగుగ్గిళ్ళు పోసి, చిన్న కత్తితో గోళ్ళు తీస్తోంది. తీసినవి ఆకులో పొట్లం కడుతోంది.

"పిల్లల గోళ్ళు నీకెందుకే అవ్వా?"

"పారేద్దామనమ్మా."

సన్యాసమ్మ నమ్మలేదు. మర్నాడు చాటు నుంచి చూసింది. అవ్వ పొట్లం పారెయ్యలేదు, నడుముకి దోపుకుంది. సన్యాసమ్మ అస్సలు నమ్మలేదు. మూడోనాడు వెంట వెళ్ళింది. అవ్వ పొట్లాన్ని పొయ్యిలో వేసి, కాలేదాకా కదలకుండా కూర్చుంది. ఇంకేం నమ్ముతుంది?

"చేతబడి!" అని అరిచింది.

పల్లెంతా కర్రలతో వచ్చింది.

"నా కూతురూ ఇలాగే గోక్కునేదమ్మా. గోళ్ళు తీస్తే తగ్గింది. ఎందుకో నాకూ తెలీదు," అంది అవ్వ.

"ఏదీ నీ కూతురు?"

"లేదమ్మా. అమ్మవారు పోసి పోయింది."

అందరూ ఒక అడుగు వెనక్కేశారు. కన్న కూతుర్నే మింగిందని గుడిసె పీకేసి, అవ్వని ఊరొదిలి పొమ్మన్నారు. అవ్వ వెళ్తూ వెళ్తూ, "పైడి నిద్రలో ఏడిస్తే దీపం పెట్టి చూడు తల్లీ," అంది.

ఆ రాత్రి పైడి ఏడ్చింది. సన్యాసమ్మ దీపం పెట్టి చూసింది. పిల్ల పిర్రల మధ్య దారప్పోగుల్లా తెల్లటి నులిపురుగులు మెదులుతున్నాయి. పైడి నిద్రలోనే అక్కడ గోక్కుంది. ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంది.

తెల్లారకముందే సన్యాసమ్మ పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది. వాగు దగ్గర అవ్వ కనబడింది. సన్యాసమ్మని చూసి అవ్వ బెదిరిపోయింది.

"నీ వెనక ఎవరున్నారు?"

"ఎవరూ లేరవ్వా."

"కర్రలు?"

"లేవవ్వా. నేనే, నా పిల్లే."

అవ్వ చాలాసేపు దారికేసి చూసింది. ఆ తర్వాతే పైడి చెయ్యి పట్టుకుని కత్తి తీసింది.

సన్యాసమ్మ అవ్వని వెంటబెట్టుకొచ్చి, తను చూసింది చెప్పింది. పల్లె వాళ్ళే గుడిసె మళ్ళీ వేశారు. ఇంటింటా గోళ్ళు తీశారు, చేతులు కడిగారు, పక్కబట్టలు ఉడకబెట్టారు. నెమ్మదిగా పిల్లలకి నిద్ర వచ్చింది.

అవ్వ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ అక్కడి తల్లులు పిల్లల గోళ్ళు తీసి, "నూకాలవ్వకి" అంటూ పొయ్యిలో వేస్తారు. కొత్త కోడళ్ళు అనుమానంగా చూస్తారు. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పరు. పిల్లలు పుట్టాక వాళ్ళే అడుగుతారు.