ఎడమకు మారిన ఎద్దు

నల్లగుట్ట వెనక అడవిలో ఒకే ఒక్క మడుగు ఉంది. వానాకాలంలో దాన్ని పట్టించుకునేవాళ్ళే ఉండరు. ఎండలు ముదిరాయంటే మాత్రం అడవి అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ నీళ్ళ కోసం రెండు పశువుల మందలు ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి. కొమ్ములు విరిగాయి, దూడలు తొక్కిడిలో పడ్డాయి. చివరికి రెండు మందలకూ విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఫాల్గుణ పున్నమి నాటి పొద్దున ఒక్కో మంద తరఫున రెండేసి ఎద్దులు కాడి కట్టుకుని, గాలివానకు కూలిన మద్దిమానును పుట్ట దగ్గరనుంచి మడుగు గట్టువైపు లాగాలి. ఎక్కువ దూరం లాగినవాళ్ళ మందదే వేసవంతా మొదటి నీళ్ళు. రెండో మంద దిగేసరికి మిగిలేది బురదే.

కాడి కట్టడం కోతుల పని. తీర్పు చెప్పడం మడుగులో ఉండే తాబేలవ్వ పని. ఆమె పెట్టిన నియమం ఒకటి అడవిలో అందరికీ నోటికొచ్చు. కాడి మెడ మీద పడేదాకా ఏ ఎద్దూ ఏ మందకూ కట్టుబడి లేదు. "కుర్రకోడెలు ఉత్సాహం కొద్దీ ఏదో అనేస్తాయి. అంతమాత్రానికే వాటిని కట్టిపడేస్తామా?" అని అవ్వ అప్పట్లో అంది. మంచి ఆలోచనే. అది ఎవరి నోట్లో పడుతుందో అవ్వ ఆలోచించలేదు, అంతే.

ఆ ఏడు కార్తీకంలో పుల్లోడనే కోడె ఒంటరిగా గుట్ట దిగి వచ్చాడు. ఎర్రటి ఒళ్ళు, దిట్టమైన మెడ, ఇంకా ఏ మందా లేదు. వాగు పక్కన మేసే చిన్న మందకు పెద్ద అయిన మైలయ్య వాణ్ణి ఓ పూటంతా గమనించాడు. మైలయ్యది బూడిదరంగు ఒళ్ళు, తొమ్మిదేళ్ళుగా కాడి మోసిన మెడ. పోయిన వేసవిలో వాగు మంద ఓడిపోయింది. బురదనీళ్ళు తాగి రెండు దూడలు చచ్చిపోయాయి. ఆ సంగతి మైలయ్య ఎవరి దగ్గరా ఎత్తడు.

"అల్లుడూ, మా కాడికి వస్తావా?" అని అడిగాడు.

"వస్తాను మామా. కానీ నాకు ఎలపట తప్ప రాదు. కుడివైపు కడితే ఎంతైనా లాగుతా. ఎడమవైపు కట్టారో, పక్కకు కొట్టుకుపోతా."

మైలయ్య కాసేపు నెమరేశాడు. "చిక్కే వచ్చింది. నేనూ ఎలపటే లాగుతాను కదరా."

"మరెలా?"

"ఎలా ఏముంది, నేను దాపటకు మారతాను. ఎడమవైపు నేను నేర్చుకుంటాను."

"తొమ్మిదేళ్ళ అలవాటు కదా మామా!"

"నాలుగు నెలల టైముంది. మెడ మొరాయిస్తుంది, బతిమాలుకుంటాను. కానీ ఒక్కటి విను. ఒకసారి దాపటకు మారానంటే మళ్ళీ ఎలపటకు రాలేను. ఈ వయసులో రెండుసార్లు మారే ఓపిక నాకు లేదు. వస్తే వస్తానను, లేకపోతే ఇప్పుడే లేదను. ఏమీ అనుకోను."

"వస్తాను మామా. మాటిస్తున్నా," అన్నాడు పుల్లోడు. చుట్టూ ఉన్న ఆవులు మోరలెత్తి చూశాయి. వాడికి ఆ చూపులు భలే నచ్చాయి.

ఆ సాయంత్రమే కర్రోడు వచ్చాడు. వాగు మందలోనే పుట్టి పెరిగిన నల్లటి ఎద్దు, పెద్ద బలమేమీ లేదు, పని మాత్రం ఎగ్గొట్టడు. "మామా, ఈ ఏడు నీ పక్కన నన్ను కట్టుకోకూడదా? నేనూ ఎలపటే," అన్నాడు.

"ఆ చోటు నిండిపోయిందిరా. ఈ కుర్రాడి మాట తీసుకున్నాను."

"అలాగా. అయితే మంచిదేలే," అని కర్రోడు వెళ్ళి మేతలో పడ్డాడు. వాడు అటు తిరిగి చాలాసేపు ఇటు చూడకపోవడం పుల్లోడు గమనించాడు. గమనించి, తన మెడ ఎంత విలువైనదో అనుకుని పొంగిపోయాడు.

మర్నాటినుంచి మైలయ్య ఒక మొద్దుకు తీగ కట్టించుకుని ఎడమవైపు నిలబడి లాగడం మొదలుపెట్టాడు. పది అడుగులు వేస్తే నాలుగు వంకరపోయేవి. ఆగేవాడు, వెనక్కి వచ్చేవాడు, మళ్ళీ లాగేవాడు. మాఘం వచ్చేసరికి నడక తిన్నబడింది, మెడ మీద కాడి ఒరిపిడికి కాచిన పాతకాయ పక్కనే కొత్త పుండు లేచింది.

ఆ మాఘంలోనే నక్క వచ్చింది. దాని పేరు పేరయ్య. మైదానంలో మేసే పెద్ద మందకు కోడెలను వెతికి తేవడం దాని పని. ఆ మందకు పెద్ద మూపురయ్య. పేరుకు తగ్గ మూపురం, దానికి మించిన గొప్పలు.

"ఏం పుల్లన్న బాబూ, ఈ పొట్టిగడ్డి నీ ఒంటికి ఏ మూలకి?" అంది నక్క.

"సరిపోతుందిలే."

"అక్కడ మూపురయ్యగారు నీ ఊసు తప్ప మాట్లాడటం లేదు. ఆ ఛాతీ, ఆ కొమ్ములు మన మందలో ఉండాలి పేరయ్యా, అని గడ్డి కూడా సరిగ్గా ముట్టడం లేదు. ఆయన పక్కన కాడి నీదే. నేను మాటిస్తున్నా."

"నేను ఇక్కడ మాటిచ్చేశాను పేరయ్యా."

"ఎవరు కాదన్నారు? ఇచ్చావు. కాడి మెడ మీద పడిందా?"

"లేదనుకో."

"మరి? ఆ నియమం నేను పెట్టానా? నీలాంటి కుర్రాళ్ళను ఎవరూ కట్టిపడెయ్యకూడదనే కదా అవ్వ పెట్టింది!"

"మైలయ్య మామ నా కోసం వైపు మార్చుకున్నాడు."

"నువ్వు మారమన్నావా?"

"లేదు, తనే మారతానన్నాడు."

"విన్నావా! నీ నోటితోనే చెప్పావు," అంది నక్క.

ఆ జవాబు పుల్లోడికి హాయిగానే తోచింది. మనకు కావలసిన జవాబు ఎవరైనా అందిస్తే దాన్ని పరీక్షించి చూసే ఓపిక ఎవరికుంటుంది? "మామకు చెప్పి రావాలి కదా," అని మాత్రం గొణిగాడు.

"చెప్తే ముసలాయన బాధపడతాడు. నేను మెల్లగా చెప్తాలే, నువ్వు పద."

మిట్టమధ్యాహ్నం, మంద నీడకు చేరినప్పుడు, పుల్లోడు వాగు దాటాడు. అవతలి గట్టెక్కి ఒక్కసారి వెనక్కి తిరిగాడు. ఎండలో మైలయ్య ఒక్కడే మొద్దు లాగుతున్నాడు. తను ఎడమవైపు సర్దుకుని, కుడివైపు ఒక ఎద్దు పట్టేంత చోటు ఖాళీగా వదిలి లాగుతున్నాడు. ఆ ఖాళీ ఎవరిదో పుల్లోడికి తెలుసు. గబగబా తల తిప్పుకుని పొదల్లోకి దూరాడు.

మైదానంలో గడ్డి నిజంగానే మోకాలెత్తు ఉంది. మూపురయ్య వాడి ఛాతీ చూశాడు, కొమ్ములు చూశాడు, కాళ్ళు చూశాడు. ఏ వైపు లాగుతావని మాత్రం ఎవరూ అడగలేదు. పుల్లోడు కూడా చెప్పలేదు. అంత గడ్డి మధ్య వాడికి మేత ఎందుకో రుచించేది కాదు.

పున్నమికి ముందురోజు పొద్దున నక్క ఇంకో కోడెను వెంటబెట్టుకొచ్చింది. వాడి పేరు బొల్లోడు. పుల్లోడికంటే జానెడు ఎత్తు. మూపురయ్య కళ్ళు మెరిశాయి.

"ఏమోయ్ పుల్లోడా," అంది నక్క. ఈసారి అన్నా లేదు, బాబూ లేదు. "రేపు కాడికి బొల్లోడు. నువ్వు ఆవుల దగ్గర ఈగలు తోలుకుంటూ ఉండు."

"నాకు మాటిచ్చావు కదా పేరయ్యా!"

"ఎవరు కాదన్నారు? ఇచ్చాను. కాడి మెడ మీద పడిందా?"

పుల్లోడు మెచ్చుకుని మింగిన మాటే ఇప్పుడు వాడికి ఎదురొచ్చి నిలబడింది. ఎవరికీ చెప్పకుండానే అక్కడినుంచీ బయల్దేరాడు. అలా వెళ్ళడం వాడికి అప్పటికే అలవాటైంది.

వాగు దగ్గర మైలయ్య నెమరేస్తూ పడుకుని ఉన్నాడు. పక్కనే కర్రోడు. పుల్లోణ్ణి చూసి మైలయ్య లేవలేదు, కసరలేదు.

"వచ్చావా అల్లుడూ. నీళ్ళు తాగావా?"

"మామా, ఆ నక్క నీతో చెప్తానంది..."

"అదేం చెప్పలేదు. నువ్వు వాగు దాటుతుంటే నేనే చూశాను."

"చూసి పిలవలేదేం మామా?"

"పిలిస్తే ఆగేవాడివా?"

పుల్లోడు నేల చూశాడు. చూస్తూనే అన్నాడు, "రేపు నన్ను కట్టుకో మామా. నీ పక్కన ప్రాణం పెట్టి లాగుతా."

"నువ్వు వెళ్ళాక కర్రోడికి మాటిచ్చాను రా."

"మాటే కదా మామా! కాడి ఇంకా మెడ మీద పడలేదుగా!"

నోరు జారాక గానీ తానేమన్నాడో పుల్లోడికి తెలియలేదు. నక్క గొంతే తన గొంతులోంచి వచ్చింది. మైలయ్య నెమరు ఆపి వాడివైపు చూశాడు. ఆ చూపులో కోపమైనా ఉంటే బాగుండేదని వాడికి అనిపించింది. ఒళ్ళంతా సిగ్గుతో భగ్గుమంది.

అంతలో కర్రోడు లేచి నిలబడ్డాడు. "మామా, నేను తప్పుకుంటాలే. వాడికి నాకంటే బలం ఎక్కువ. దూడలకు నీళ్ళు దొరకాలి, నాదేముంది?"

"కూర్చోరా," అన్నాడు మైలయ్య. "వీడి మాట నమ్మి నిన్ను ఒకసారి వెనక్కి పంపాను. రెండోసారి పంపను. ఓడితే ఓడతాం."

పుల్లోడు చెట్ల వెనక్కి పోయి నిలబడ్డాడు. తను దొంగిలించింది మైలయ్య చోటొక్కటే కాదు, కర్రోడి మూడు నెలలు కూడా అని అప్పుడు తెలిసింది. ఆ మూడు నెలలూ మైలయ్య పక్కన లాగి ఉంటే వాడికెంత వచ్చి ఉండేదో!

మర్నాడు పొద్దున మైదానం మంద ముందుకొచ్చింది. మూపురయ్య, బొల్లోడు ఇద్దరూ ధీమాగా నడిచొచ్చి ఇద్దరూ కాడికి కుడివైపే నిలబడ్డారు.

"అది నా చోటు," అన్నాడు మూపురయ్య.

"నాకు ఎలపటే వచ్చు. నన్ను తెచ్చినవాడు అడగలేదా?" అన్నాడు బొల్లోడు.

నక్క పరుగెత్తింది. "కాస్త సర్దుకోండి బాబూ, ఒక్క పూటేగా!"

పెద్దరికం కొద్దీ మూపురయ్య కుడివైపు తీసుకున్నాడు. కోతులు కాడి బిగించాయి. ఇద్దరూ ఒక్కసారి గుంజారు. బలానికేం తక్కువ లేదు, మాను ఉలిక్కిపడి కదిలింది. కానీ బొల్లోడు పక్కకు కొట్టుకుపోయాడు, మూపురయ్య వాణ్ణి మొత్తాడు, మాను ముందుకు పోకుండా గిర్రున తిరిగింది. దాని చివర వచ్చి, ఉత్సాహంగా కేకలేస్తున్న నక్కను లేపి బురదలో పడేసింది. తాబేలవ్వ మెడ సాచి చూసి, "ఆరడుగులు. అదీ వంకరే," అంది. కాడి విప్పీ విప్పగానే బొల్లోడు ఎటో వెళ్ళిపోయాడు. మూపురయ్య నక్కను వాగుదాకా తరుముకుంటూ పోయాడు.

తర్వాత మైలయ్య ఎడమవైపు, కర్రోడు కుడివైపు నిలబడ్డారు. వాళ్ళ లాగుడులో చెప్పుకోవడానికి పెద్ద విశేషం లేదు. అడుగు పడింది, ఆగింది, మళ్ళీ అడుగు పడింది. పుండు పగిలి మైలయ్య మెడ నుంచి రక్తం కారింది. మాను మాత్రం తిన్నగా వచ్చింది. గట్టు ఇంకా నాలుగడుగుల దూరం ఉందనగా ఇద్దరూ మోకాళ్ళ మీద కూలబడ్డారు. అది చాలింది. దూడలు తోకలెత్తుకుని నీళ్ళలోకి దూకాయి.

పుల్లోడు చెట్ల చాటునే ఉండిపోయాడు. తనవైపు ఎవరైనా చూసి తిట్టినా బాగుండును. ఎవరూ చూడలేదు. గెలుపు సందట్లో వాణ్ణి తలుచుకునే తీరిక ఎవరికీ లేదు.

పొద్దు వాలాక మైలయ్యే పిలిచాడు. "దూడలు తాగేశాయి. నువ్వూ వచ్చి తాగు."

వాడు వచ్చి తాగాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి, అందులో తన మొహం కనబడింది. తాగడం అయిపోయినా తల పైకెత్తలేకపోయాడు.

"ఈ మెడ ఇంక పనికిరాదు అల్లుడూ," అన్నాడు మైలయ్య. "వచ్చే ఏటికి కర్రోడి పక్కన దాపట ఖాళీ."

వస్తాను మామా, మాటిస్తున్నా, అనబోయి పుల్లోడు నోరు తెరిచాడు. ఆ ముక్క బయటికి రాలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

తెల్లారి మంద లేచేసరికి మొద్దు దగ్గర వాడు కనిపించాడు. తీగ మెడకు తగిలించుకుని ఎడమవైపు నిలబడి లాగుతున్నాడు. నాలుగడుగులకే వంకరపోయాడు. ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ లాగాడు. మైలయ్య నెమరేస్తూ చూశాడే తప్ప బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

నీతి: మాటిచ్చినవాడు ఎప్పుడైనా మారగలడు, ఆ మాట నమ్మి మారినవాడు మళ్ళీ వెనక్కి మారలేడు.