చుక్కమ్మ చేతిలో రెండు రాజులు

“కంత నాది వదినా. మీ ఆయన ముక్కలాటలో ఓడిపోయి నాకొదిలేశాడు. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాడు నక్కగాడు.

“ఓడింది ఆయన. కంత పక్కన గూడు నాది. నన్నడక్కుండా పందెం కాయడానికి అదేమన్నా ఆయన సొత్తా?” అంది చుక్కమ్మ.

పోయిన పంట నించీ ఇదే గొడవ. చెనక్కాయల కళ్ళం చుట్టూ ముళ్ళకంచె. కంచెలో ఒక కంత. కంతకి రెండు బారల దూరంలో చుక్కల కోడిపెట్ట గూడు, గూట్లో పదకొండు గుడ్లు. పూడ్చాలంటుంది పెట్ట. పూడిస్తే ఊరుకోనంటాడు నక్క. మొగుడు ఎర్రపుంజు ఆటలో ఓడిన మర్నాడు ఆ కంత దగ్గరికే వాదించడానికి పోయాడు. చుక్కమ్మకి దొరికింది నాలుగు ఈకలు.

దున్నపోతు పోలయ్య నెమరు ఆపాడు. “ఇది మాటలతో తెగదు. ఒక్క ఆట ఆడండి. గెలిచినోళ్ళది కంత. మళ్ళీ నా చెవి దగ్గర ఈ గోల వద్దు.”

మనుషులు అన్నాలకి పోయారు. వాళ్ళాడుకునే పేకముక్కలు బండి కింద గోనెసంచి మీదే ఉన్నాయి. బండి చక్రానికి కట్టేసిన కుక్క నల్లోడు ఒక కన్ను తెరిచి పడుకున్నాడు. వాడి తాడు ఎందాకా వస్తుందో నక్కగాడికి తెలుసు. దానికి జానెడు అవతల కూర్చున్నాడు.

ఆ కళ్ళంలో ఆట ఇట్లా. చేతికి రెండేసి ముక్కలు. మూడోది ఇద్దరికీ ఉమ్మడి, బోర్లా పెట్టి చివర్లో తిప్పుతారు. జత కంటే వరస గొప్ప. పందెం పెంచినోళ్ళు ఏం పెడితే అవతలోళ్ళూ అట్లాంటిదే పెట్టి కలపాలి. పెట్టలేకపోతే ముక్కలు పడేసి, అప్పటిదాకా పెట్టింది వదులుకోవాలి.

చెరో పది చెనక్కాయలు పెట్టారు. పోలయ్య నాలుకతో ముక్కలు పంచాడు. చుక్కమ్మ రెక్క చాటున తడి తుడిచి చూసుకుంది. ఇస్పేటు రాజు. కళావరు రాజు.

ఆ రోజు ఎర్రపుంజుకి పడిందీ జతే, రెండు రాణులు. నక్క పెంచితే “చూద్దాంలే” అని కలిపాడు. మూడో ముక్క తిరిగింది, నక్కకి వరస కుదిరింది.

“ఇంకో పదిహేను,” అని నక్కగాడు కాయలు ముందుకి తోశాడు. “కలుపు వదినా. మూడో ముక్క చూసేద్దాం.”

చుక్కమ్మ తన దగ్గర మిగిలిన కాయలు లెక్కపెట్టుకుంది, పదిహేనే. పడేస్తే కంత పోతుంది. కంత పోతే పొద్దుగూకే లోపల గుడ్లూ పోతాయి. కలిపితే మొగుడు చేసిన పనే చేసినట్టు.

“కాళ్ళు వణుకుతున్నాయేం వదినా?”

“పొదిగి పొదిగి తిమ్మిరెక్కాయి.”

“తిప్పెయ్ మావా,” అన్నాడు నక్కగాడు పోలయ్యతో. “పాపం వదినకి ఎండ తగుల్తోంది.”

“ఆమె ఇంకా కలపలేదు.”

“కలుపుతుందిలే. ఆ ముక్కేదో తిప్పెయ్.”

అప్పుడు తట్టింది చుక్కమ్మకి. చేతిలో జత ఉన్నోడు మూడో ముక్క కోసం ఇంత ఆత్రపడడు. వీడి చేతిలో ఇప్పటికైతే ఏమీ లేదు. ఆ ముక్క తిరిగితేనే వీడికి బతుకు. తనకి అదే చావు.

తన దగ్గరున్న పదిహేను కాయలూ తోసింది. “కలిపాను. పైన పెంచుతున్నా.”

“ఏం పెట్టి? నీ దగ్గర ఇంకో కాయ కూడా లేదు.”

“గూడు. పదకొండు గుడ్లతో సహా.”

నక్కగాడి నోట్లో నీళ్ళూరాయి. “అట్లాగే వదినా, నీ ఇష్టం.”

“ఆగు మరిదీ. నువ్వూ గూడే పెట్టాలి. నీ బొరియ ఎక్కడుందో పోలయ్య మావ చెవిలో చెప్పు. నువ్వు గెలిస్తే ఆ మాట మావ కడుపులోనే ఉంటుంది. ఓడితే నల్లోడికి చెప్తాడు. సాయంత్రం వాణ్ణి విప్పుతారు.”

నల్లోడు రెండో కన్ను కూడా తెరిచాడు.

“బొరియలో పిల్లలున్నారు వదినా,” అన్నాడు నక్కగాడు. గొంతులో మునుపటి నునుపు లేదు.

“మరి నా గూట్లో ఉన్నవి గులకరాళ్ళనుకున్నావా?”

నక్కగాడు బోర్లా ముక్క వంక చూశాడు. కుక్క వంక చూశాడు. మళ్ళీ ముక్క వంక చూశాడు. వీడు పోలయ్య చెవి దగ్గరికి ఒక్క అడుగు వేస్తే ఇక చుక్కమ్మ చేతిలో ఏమీ ఉండదు. రెండు రాజుల్నీ కాలిగోళ్ళతో ఎంత గట్టిగా పట్టుకుందంటే అంచులు చిరిగాయి.

నక్కగాడు ముక్కలు గోనె మీద పడేశాడు. ఆఠీను తొమ్మిది, ఆఠీను పది.

పోలయ్య మూడో ముక్క తిప్పాడు. ఆఠీను జాకీ.

తొమ్మిది, పది, జాకీ అని చుక్కమ్మ వరస లెక్కపెట్టుకుంది.

“నేను ఉండుంటే…” అన్నాడు నక్కగాడు.

“ఉండలేదుగా మరిదీ,” అంది చుక్కమ్మ.

పోలయ్య లేచి, కొమ్ములతో తుమ్మకంప ఈడ్చుకొచ్చి కంత పూడ్చాడు. ఒక్క రవ్వంత సందుంచి, నక్కగాణ్ణి అందులోంచి బయటికి పొమ్మన్నాడు. ఈలోపు చుక్కమ్మ పందెం కాయలు ఒక్కోటీ ముక్కుతో తట్టి చూసింది. నక్క పెట్టినవాటిలో రెండిట్లో పప్పు లేదు. పోలయ్య సందుకి కొమ్ము అడ్డం పెట్టాడు. నక్కగాడు బుగ్గలో దాచుకున్నవి రెండు తీసి ఉమ్మాడు.

ఇవాళ గెలిచే ముక్కలు రేపటికి చెడేవైతే, అవతలోడికి ఆఖరి ముక్కని చవగ్గా చూడనివ్వకూడదు. ఆ ముక్క చూడకుండానే నక్కగాడు కట్టిపోయింది ఇరవై అయిదు చెనక్కాయలు, అన్నీ పప్పున్నవే.