నల్ల కారుకు రెండు పక్కలు

“ఖరీదైన పాలిష్ నిజంగానే ఎక్కువ పనిచేస్తుందా మేస్త్రిగారూ, లేకపోతే జనం డబ్బా మీది పేరు చూసి మోసపోతున్నారా?” అని ఏసురత్నం ఒక బుధవారం పొద్దున తన గురువును అడిగాడు.

గురువు పేరు దస్తగిరి. విజయవాడ ఆటోనగర్లో, మా బ్యాటరీల కొట్టుకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో ముప్పై అయిదేళ్లుగా కార్లకు మెరుగు పెడుతున్న మనిషి. ఆయన ఏ ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పగా నేను వినలేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పజెబుతాడు. అందుకే ఆయన్ని ప్రశ్న అడిగినవాడు సాయంత్రానికి జ్ఞానంతో ఇంటికి వెళతాడో లేదో గానీ, నడుంనొప్పితో మాత్రం తప్పకుండా వెళతాడు. నేను తెలివైనవాణ్ణి కాబట్టి ఆయన దగ్గర ఎండావానల సంగతి తప్ప ఇంకొకటి ఎత్తను.

ఏసురత్నానికి ఆ తెలివి లేదు. పదేళ్లు లారీ తోలి, ముప్పై దాటాక ఈ పనిలోకి వచ్చాడు. రెండేళ్లుగా నేర్చుకుంటున్నాడు. పట్టుదల గలవాడు, చెప్పింది ఒకసారికే పట్టుకుంటాడు. దసరా వెళ్లాక గన్నవరం రోడ్డులో సొంతంగా షెడ్డు వేసుకోవాలని అతని ఆలోచన. ఆ మాట ఎలా పొక్కిందో గానీ, సరుకు అమ్మే మనిషి ఒకడు వచ్చి, ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలోంచి పాలిష్ సీసాలు రెండు తీసి చూపించాడు. విదేశీ సరుకు. వాసన కూడా పళ్ల తోటలా ఉంది. ఇది లేకుండా ఈ రోజుల్లో షట్టరు ఎత్తడమే దండగ అని చెప్పి, ఆ రెండు సీసాలూ వాడి చూడమని ఇచ్చి, పక్షం రోజుల్లో మళ్లీ వస్తానని వెళ్లాడు. అప్పట్నుంచి రత్నానికి దస్తగిరి ఎప్పుడూ వాడే చవక పాలిష్ తెల్ల డబ్బా కళ్లకు ఆనడం మానేసింది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు.

దస్తగిరి ప్రశ్న విన్నాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. సరిగ్గా అప్పుడే పిచ్చేశ్వరరావు తన నల్ల కారును షెడ్డు ముందు ఆపాడు.

పిచ్చేశ్వరరావు పరాయి వాళ్ల కార్లు నడిపి నడిపి, యాభయ్యో ఏట తనకంటూ ఒక పాత కారు కొనుక్కున్నాడు. ఆషాఢం అయిపోవస్తోంది. శ్రావణ మాసపు ముహూర్తాలకు పెళ్లి కార్లు సమకూర్చే వాళ్లు మర్నాడు పదింటికి వచ్చి ఆ కారును చూస్తారు. నచ్చితే మాఘం దాకా బండికి పని ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ ఎవరి బండి తాళమో పట్టుకోవలసిందే. ఇక కారు అవతారం చెప్పనక్కర్లేదు. పాత యజమాని రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులిపేవాడట. దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దడమంటే ఇసుకతో అద్దం తోమడమే. ఎండ పడగానే ఒళ్లంతా సాలెగూళ్లు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తున్నాయి.

“ఎట్టా చేస్తారో నాకు తెలవదు దస్తగిరి గారూ, రేపు పొద్దుటికి ఇది కొత్త పెళ్లికూతుర్లా ఉండాలి,” అన్నాడు పిచ్చేశ్వరరావు.

దస్తగిరి కాగితం టేపు చుట్ట తెచ్చి బానెట్ మధ్య నుంచి పైకప్పు మీదుగా డిక్కీ చివరిదాకా నిలువునా అంటించాడు. కారు రెండు సగాలైంది.

“కుడి పక్కకి నీ సీసాలు. ఎడం పక్కకి మన డబ్బా. కడగడం కాడ్నుంచి అన్నీ విడివిడిగా చెయ్. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. నేను ముట్టుకోను,” అన్నాడు శిష్యుడితో. ఆ తర్వాత స్టూలు ముందుకు లాక్కుని కూర్చున్నాడు.

రత్నం కుడి పక్కతో మొదలుపెట్టాడు. ఆ పని చూడ్డానికి నేను కొట్టు వదిలి వచ్చి నిలబడ్డానంటే ఎంత ముచ్చటగా ఉందో ఊహించుకోండి. నీళ్లు నల్లబడగానే పారబోసి కొత్త నీళ్లు పట్టాడు. అలా నాలుగుసార్లు. తలుపుల అడుగున చేయి పెట్టడానికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కడిగాక రంగుకు పట్టుకుని ఉండిపోయిన మురికిని ఈ పనికోసమే అమ్మే మెత్తటి మట్టిముద్దతో అంగుళం అంగుళం లాగాడు. విప్పని పొట్లంలోంచి కొత్త గుడ్డలు తీశాడు. ఖరీదైన పాలిష్ బొట్టు బొట్టుగా వేసి, గుండ్రంగా, నిదానంగా, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దాడు. ఆరడానికి ఇరవై నిమిషాలు ఆగమని సీసా మీద ఉంటే, గడియారం చూసుకుని ఇరవై నిమిషాలూ ఆగాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి కుడి పక్క పూర్తయింది, రెండు సీసాలూ ఖాళీ అయ్యాయి.

అన్నం తిని ఎడం పక్కకు వచ్చాడు. ఎడం పక్క నాలుగింటికల్లా అయిపోయింది.

టేపు పీకేసి కారును ఎండలోకి తోశారు. కుడి పక్క నల్లటి నిండు బావిలా ఉంది. ఆటోనగర్ ఆకాశమంతా అందులో కనిపించింది. ఎడం పక్క మెరుస్తోంది గానీ ఆ మెరుపు వెనక గీతలు అలాగే ఉన్నాయి, పైగా పల్చటి మసక పట్టింది. కళ్లున్నవాడెవడైనా చెప్పగలడు. నేనూ చెప్పాను, ఖరీదుకు తగ్గ పనితనం సీసాలోనే ఉందని. దాచుకోవడం దేనికి, ఆ క్షణంలో నేను కూడా ఆ సరుకు అమ్మే మనిషి శిష్యుణ్ణే.

“చూశారుగా మేస్త్రిగారూ. నేను చెబితే మీరు నమ్మలేదు,” అన్నాడు రత్నం. అతని ముఖంలో గెలుపు కనిపించింది.

పిచ్చేశ్వరరావు ముఖం మాత్రం మాడిపోయింది. అతను ఎడం పక్కన నిలబడి ఉన్నాడు మరి. “మీరూ మీరూ గెలుచుకోండి బాబూ. పెళ్లికొడుకు ఏ పక్క నుంచి దిగుతాడో ముందే చెప్పి దిగుతాడా? ఆ సీసాలోదే ఈ పక్కకీ రాయండి,” అన్నాడు.

రత్నం ఖాళీ సీసా బోర్లించి చూపించాడు. బజారులో ఎక్కడా దొరకదు. అమ్మే మనిషి రావడానికి ఇంకా పది రోజులుంది. షెడ్డులో ఉన్నది తెల్ల డబ్బా ఒక్కటే. దాంతో ఇంతకంటే రాదని రత్నం పిచ్చేశ్వరరావుకు చెప్పాడు, చెబుతున్నప్పుడు అతని కళ్లల్లోకి చూడలేకపోయాడు. పిచ్చేశ్వరరావు పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

అప్పుడు దస్తగిరి లేచాడు. కూరగాయలకిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు ఒకటి తెచ్చి రత్నం చేతికి తొడిగాడు. ఒట్టి చేతికి తెలియని గరుకు కవరు తొడిగిన చేతికి తెలుస్తుంది, ఇది ఈ పనివాళ్లకందరికీ తెలిసిన కిటుకు. కుడి తలుపు మీద చేయి జారింది, ఎక్కడా ఆగలేదు. ఎడం తలుపు మీద పెట్టగానే కవరు కింద ఇసుక చల్లినట్టు గరగరలాడింది. మురికి పోకముందే దాని మీద పాలిష్ పట్టించేశాడన్నమాట.

దస్తగిరి లోపలికి వెళ్లి రెండు బకెట్లు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. పొద్దుటి బకెట్టులో చివరి నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. మధ్యాహ్నపు బకెట్టులో నీళ్లు ఒక్కసారి కూడా మార్చలేదు, కృష్ణా వరద నీళ్లలా ఉన్నాయి. వాటి పక్కన రెండు గుడ్డలు పరిచాడు. ఒకటి కొత్తది. రెండోది పోయిన వారం ఎవరిదో జీపు తుడిచింది, ఒక మూల గ్రీజు కూడా ఉంది. మట్టిముద్ద కుడి పక్క పని అయ్యాక రత్నం ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది. పారబోయకుండా, ఉతక్కుండా ఆయన వాటిని ఎందుకు దాచాడో నాకు అప్పుడు అర్థమైంది.

రత్నం వాటిని చూశాడు. అతనికి తెలియని పని ఒక్కటీ లేదు. నీళ్లు మార్చాలని తెలుసు, గుడ్డ మార్చాలని తెలుసు, రెండేళ్లుగా రోజూ చేస్తున్నదే. తెల్ల డబ్బా చేతిలోకి తీసుకోగానే ఇక దీనికి ఇంతే చాల్లే అని అతని చేయే అనేసుకుంది, అతన్ని అడగను కూడా లేదు. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడ్డాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లు మా వీధిలో కావలసినంత మంది ఉన్నారు. చక్కగా ఆడి, ఆ గొప్పంతా మద్దెలదేనని దండం పెట్టినవాణ్ణి మాత్రం నేను ఆ రోజే చూశాను.

“ఇంకోసారి రుద్దితే రంగు తట్టుకుంటుందా?” అని రత్నం అడిగాడు. ఆ ప్రశ్నలో న్యాయముంది. పాలిష్ పట్టిన ప్రతిసారీ రంగు కొంత అరుగుతుంది. పాత కారు రంగైతే మరీ పల్చన.

“ఒక్కసారికి తట్టుకుంటది,” అన్నాడు దస్తగిరి. ప్రశ్నకు ఆయన సూటిగా జవాబు చెప్పగా నేను వినడం అదే మొదలు.

మర్నాడు తెల్లవారుతూనే నేను వచ్చేసరికి రత్నం పనిలో ఉన్నాడు. పిచ్చేశ్వరరావు అటూ ఇటూ తిరుగుతుంటే అతన్ని తీసుకెళ్లి మా కొట్లో కూర్చోబెట్టాను, లేకపోతే మనిషి తిరిగి తిరిగి పడిపోయేలా ఉన్నాడు. రత్నం నీళ్లు అయిదుసార్లు మార్చాడు, నేను లెక్కపెట్టాను. తలుపు అడుగున కూర్చుని కడిగాడు. మట్టిముద్ద పట్టుకుని ముందు చక్రం మీది నుంచి వెనక దీపం దాకా లాగాడు, మధ్యలో కవరు తొడుక్కుని చూసుకుని, గరుకు తగిలిన చోట మళ్లీ మొదలుపెట్టాడు. నిన్నటి తెల్ల డబ్బా మూతే తీశాడు. వేలితో కొంచెం కొంచెం తీసుకుని కొత్త గుడ్డకు రాసి, గుండ్రంగా, తొందర లేకుండా రుద్దాడు. డబ్బా మీద ఎంతసేపు ఆగాలో రాసి లేదు. అయినా ఆగాడు. ఎనిమిదింటికి దస్తగిరి టీ పంపిస్తే అది మీగడ కట్టి చల్లారిపోయింది.

పదింటికి పెళ్లి కార్ల సంస్థ తరఫున ఇందుమతి గారని ఒకావిడ వచ్చింది. నవ్వని మనిషి. ఫోన్లో లైటు వేసి కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కుడి తలుపు దగ్గర వంగింది, ఎడం తలుపు దగ్గర వంగింది, బానెట్ మధ్యలో లైటును అటు నుంచి ఇటు నడిపింది.

“శ్రావణంలో మొదటి ముహూర్తానికి పంపించండి. పూలు మావాళ్లే కడతారు, జిగురు టేపు మాత్రం అంటించనివ్వకండి, రంగు పాడవుతుంది,” అని ఆవిడ నంబరు రాసుకుని వెళ్లిపోయింది. ఏ పక్కకు ఏ సరుకు వాడారని అడగలేదు.

పిచ్చేశ్వరరావు రత్నం రెండు చేతులూ పట్టుకుని, కండువాతో కళ్లు తుడుచుకుని బండి తీసుకుని వెళ్లడానికి సిద్ధమయ్యాడు. దస్తగిరి అతన్ని ఒక్క నిమిషం ఆగమని చెంబెడు నీళ్లు బానెట్ మీద పోశాడు. కుడి పక్క నీళ్లు గుండ్రటి పూసలై జారిపోయాయి. ఎడం పక్క కూడా జారిపోయాయి, కాకపోతే పూసలు కొంచెం పెద్దవి, కొంచెం బద్ధకంగా కదిలాయి.

“కుడి పక్క ఓ రెండు నెలలు ఎక్కువ ఆగుద్ది. ఎడం పక్కకి దీపావళి కాడ మళ్లీ ఒక పూత వేయించుకో,” అన్నాడు ఆయన పిచ్చేశ్వరరావుతో. ఉన్న తేడాను లేదనే మనిషి కాదు దస్తగిరి.

కారు వెళ్లాక రత్నం బకెట్లు కడిగి బోర్లించాడు. తర్వాత గురువు ముందుకు వచ్చి నిలబడ్డాడు. నిన్నటి గెలుపూ లేదు, నిన్నటి సిగ్గూ లేదు. తేల్చుకోవాలన్న పట్టుదల మాత్రం ముఖంలో అలాగే ఉంది.

“అయితే పది రోజుల్లో ఆయనొస్తే నన్నేం చెప్పమంటారు మేస్త్రిగారూ? ఆ సీసాలు కొననా, వద్దా?”

“కొనుక్కో. మంచి సరుకు. నిన్న నీ చేత నాలుగుసార్లు నీళ్లు మార్పించింది,” అన్నాడు దస్తగిరి. రత్నం భుజం మీది గుడ్డ తీసి మడత పెట్టి అతని చేతిలో ఉంచాడు. “ఇవాళ అయిదుసార్లు మార్పించిందేదో, అది ఏ కొట్లో దొరుకుద్దో కనుక్కున్నాకే నీ షెడ్డుకి షట్టరు పెట్టు.”