రెండు చాపల గాదెలు

రాజుగారి విద్యాపీఠంలో లెక్కలు చెప్పే నూకయ్య మీద మంత్రి విరూపాక్షుడికి మొదటినుంచీ అనుమానమే. వాడు ఏ లెక్కకూ జవాబు చెప్పడట! శిష్యుల్ని మగ్గాల దగ్గరికీ కళ్ళాలకీ తిప్పి, "మీరే తేల్చండి" అంటాడట. తనకి రాకనే ఈ నాటకమని, వాడి కొలువు ఊడగొట్టడానికి మంత్రి స్వయంగా కళ్ళానికి వచ్చాడు.

నూకయ్య ఒకే కొలత చాపలు రెండు తీసి, ఒకదాన్ని సన్నగా పొడుగ్గా, రెండోదాన్ని లావుగా పొట్టిగా చుట్టి గాదెల్లా నిలబెట్టాడు.

"చాపలు సమానం కనుక రెంటిలోనూ వడ్లు సమానంగానే పడతాయి మంత్రిగారూ!"

మంత్రి నమ్మితేగా! పంచె ఎగగట్టి, పొట్టి గాదెలో పొడుగుదాన్ని నిలబెట్టి, దాన్నిండా తనే గంపలతో వడ్లు నింపి, పొడుగు చాపను పైకి లాగేశాడు. వడ్లు జారి పరుచుకున్నాయి. పొట్టి గాదె ఇంకా వెలితిగానే ఉంది.

"దొరికావురా! పొట్టిదాంట్లోనే ఎక్కువ పడతాయి. నీకు లెక్కలే రావు!"

"చిత్తం. ఇంతకీ ఈ సంగతి తమరికెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నేనే తేల్చాను!"

"నేను తప్పు చెప్పబట్టే కదండీ! ఇక్కడేమీ నేర్పరని రాజుగారికి చెప్పే ముందు, ఒంటినిండా అంటిన ఆ వడ్లదుమ్ము దులుపుకోండి. నా శిష్యులందరికీ అదే గుర్తు."